రువెన్‌జోరిలో ఏడు రోజులు: కొండకీ, కొండ మనుషులకీ నా పూర్తి మార్కులు

ముందే చెప్పేస్తాను. ఉగాండాలోని రువెన్‌జోరి పర్వతాలు ఎక్కాలన్న కోరిక మనసులో ఏ మూలనో ఉన్నా సరే, వెళ్ళండి. కానీ రెండు పనులు చేసుకుని మరీ వెళ్ళండి. ఒకటి, మీ కాలికి సరిగ్గా సరిపోయే గమ్‌బూట్లు (పిక్క దాకా వచ్చే రబ్బరు బూట్లు) మీరే కొనుక్కోండి. రెండు, దారి మధ్యలో రాత్రి బసకున్న బుజుకు హట్‌లో రెండు రాత్రులు ఆగుతామని కాగితం మీద రాయించుకోండి. మొదటి పని చేశాను కాబట్టి ఏడు రోజులు నడవగలిగాను. రెండో పని చెయ్యలేదు కాబట్టి శిఖరం చూడలేకపోయాను.

మేం కంపాలాలో ఉంటున్నాం. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను, మా ఆయనది మందుల కంపెనీలో ఉద్యోగం. నాకు నలభై ఆరు, ఆయనకి యాభై ఒకటి. ఇద్దరికీ నడక అలవాటే. రెండేళ్ళ క్రితం తూర్పు వైపున్న ఎల్గాన్ పర్వతం ఎక్కాం. దాని మీద వాగాగాయ్ శిఖరం 4,321 మీటర్లు. అక్కడ నాకు చిన్న తలనొప్పి కూడా రాలేదు. ఆ ధైర్యంతోనే జూలై సెలవుల్లో రువెన్‌జోరికి బయల్దేరాం. జూన్ నుంచి ఆగస్టు దాకా, మళ్ళీ డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ వానలు తక్కువ. తక్కువ అంటే లేవని కాదు. ఏడు రోజుల్లో మాకు పూర్తిగా పొడిగా గడిచింది ఒక్క రోజే.

కంపాలా నుంచి కసేసే ఊరికి కారులో ఒక పగలంతా పట్టింది. కసేసేలో దిగి పడమటి వైపు చూస్తే కొండల స్థానంలో బూడిద రంగు మబ్బు గోడ ఒక్కటే కనిపించింది. వెనక అయిదు వేల మీటర్ల పర్వతం ఉందంటే నమ్మలేం. రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టోలమీ నైలు నది పుట్టిన చోటని రాసిన 'చంద్ర పర్వతాలు' ఇవేనని చాలామంది నమ్మకం. అయినా 1888లో అన్వేషకుడు స్టాన్లీ బృందం చూసి చెప్పేదాకా ఇక్కడ మంచు ఉన్న సంగతి యూరప్ వాళ్ళకి సరిగ్గా తెలియదు. ఆ మబ్బుని చూశాక అందులో ఆశ్చర్యం ఏమీ లేదనిపించింది.

ఇవి కిలిమంజారోలా, కెన్యా పర్వతంలా ఒంటరిగా నిలబడ్డ అగ్నిపర్వతాలు కావు. పగులు లోయ అంచున నేల పగిలి పైకి లేచిన పెద్ద రాతి దిమ్మె ఇది. దాని మీద ఆరు కొండలున్నాయి: స్టాన్లీ, స్పీక్, బేకర్, ఎమిన్, గెస్సీ, లుయీజీ ది సవోయా. స్టాన్లీ మీద ఉన్న మార్గెరీటా శిఖరం ఎత్తు 5,109 మీటర్లు, ఆఫ్రికాలో మూడోది. ఉగాండాకీ కాంగోకీ సరిహద్దు దాని మీదుగానే పోతుంది. 1991లో ఇది నేషనల్ పార్కు అయింది, 1994లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మేం నడిచింది సెంట్రల్ సర్క్యూట్ అనే పాత దారి. న్యాకలెంగిజా అనే ఊళ్ళో మొదలై, కొండల నడుమ గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఇక బూట్లు. ఎల్గాన్‌కి వేసుకున్న ఖరీదైన ట్రెక్కింగ్ షూలు మోసుకెళ్ళాను. గేటు దగ్గర మా పెద్ద గైడ్ వాటిని చూసి, "ఇవి మొదటి రోజుకి, చివరి రోజుకి మేడమ్, మధ్యలో బ్యాగులో ఉంటాయి" అన్నాడు. అంతకు ముందురోజే కసేసే బజారులో ముప్పై వేల షిల్లింగులు పెట్టి నల్ల గమ్‌బూట్లు కొన్నాను. పొలాల్లో వేసుకునే మామూలు రబ్బరు బూట్లే. మా ఆయన మాత్రం అద్దెకి దొరుకుతాయి కదా అని కొనలేదు. అద్దె బూట్లు ఆయన కాలికన్నా ఒక సైజు పెద్దవి. మూడో రోజుకి రెండు మడమల మీదా బొబ్బలు లేచాయి. నా పాదాలకి ఏమీ కాలేదు. కొనేటప్పుడు మందపాటి ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకుని, బూటు తొడిగి, దుకాణంలోనే పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. దిగుతున్నప్పుడు వేళ్ళు ముందుకి తగలకూడదు, ఎక్కుతున్నప్పుడు మడమ లేవకూడదు. బూటు పైఅంచు పిక్కకి మరీ బిగుతుగా ఉండకూడదు, అలాగని వదులుగా ఉంటే బురద లోపలికి దూకుతుంది.

మొదటి రోజు తేలిక. తోటల మధ్య నుంచి అడవిలోకి, అక్కడి నుంచి న్యాబిటాబా హట్ దాకా, అది సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గైడ్ ఆకుల్లోంచి ఒక మూడు కొమ్ముల ఊసరవెల్లిని వెతికి చూపించాడు. అది మేమున్నంతసేపూ ఒక్క అడుగే వేసింది.

రెండో రోజు అసలు పరీక్ష. ముందు నదిలోకి దిగి, ముబుకు, బుజుకు నదులు కలిసే చోట వేలాడే వంతెన దాటాలి. తర్వాత వెదురు పొదలు, పాచి పట్టిన బండలు, చెట్ల వేళ్ళు. ఏడు గంటలు ఎక్కితే జాన్ మాట్టే హట్ వస్తుంది. హట్‌కి ముందు ఎరికా చెట్ల అడవి. మామూలుగా పొదలా పెరగాల్సిన మొక్క ఇక్కడ పెద్ద చెట్టవుతుంది. ప్రతి కొమ్మ నుంచీ గడ్డంలా వేలాడే బూడిదాకుపచ్చ పాచి, కాండం చుట్టూ నాచు దిండ్లు. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగబడింది, నీళ్ళు కారాయి. అంత నాచులో అడుగుల చప్పుడు కూడా వినిపించదు. ముందు నడుస్తున్న పోర్టర్లు, అంటే మా సామాను మోసేవాళ్ళు, మలుపు తిరగ్గానే, అంత పెద్ద అడవిలో మేమిద్దరమే ఉన్నట్టు అనిపించింది.

మూడో రోజు బిగో బురద. ఈ ట్రెక్ గురించి ఎవర్ని అడిగినా ముందు దీని గురించే చెబుతారు. లోయ మొత్తం నీళ్ళు నిండిన స్పాంజిలా ఉంటుంది. అందులో గడ్డి దుబ్బులు ముంతలు బోర్లించినట్టు లేచి ఉంటాయి. ఒక దుబ్బు మీంచి ఇంకో దుబ్బు మీదకి కాలు వెయ్యాలి. పైకి గట్టిగా కనిపించిన దుబ్బు పక్కకి ఒరుగుతుంది, కాలు మోకాలి దాకా దిగుతుంది. లాగితే బురద బూటుని పట్టేసుకుంటుంది. నేను మొదటి గంటలో రెండుసార్లు బూటు అందులోనే వదిలేసి ఒట్టి మేజోడుతో నిలబడ్డాను. రెండోసారి ఒక కుర్ర పోర్టర్ నెత్తిన మూట దించకుండానే వంగి బూటు లాగి చేతికిచ్చాడు. "వసింగ్యా" అన్నాను. ఈ కొండల్లో ఉండే బకొంజోల భాషలో కృతజ్ఞతలు చెప్పే మాట అది, పొద్దున్నే నేర్చుకున్నాను. అతను నవ్వి, నా కర్రని తీసుకుని ఎలా వాడాలో చూపించాడు. దుబ్బు నడినెత్తిన కాదు, దాని మొదట్లో గుచ్చి, కర్ర ఆగాకే బరువు వెయ్యాలి. కాలు పూర్తిగా ఆన్చకుండా తేలిగ్గా తాకి వెంటనే తర్వాతి దుబ్బుకి పోవాలి. ఆ చిట్కా దొరికాక మళ్ళీ బూటు పోలేదు. పై బురద నేలలో చాలా దూరం చెక్క బాట వేశారు. కానీ తడిసిన చెక్క జారుతుంది, మేకులు లేచిన చోట చూసుకుని నడవాలి.

ఆ సాయంత్రం బుజుకు హట్ చేరాం. ఎత్తు సుమారు 3,960 మీటర్లు. మూడు వైపులా స్టాన్లీ, స్పీక్, బేకర్. ఇక్కడే నేను ఈ కొండ మీద మనసు పారేసుకున్నాను. పొద్దున్నే బయటికొస్తే లోయ నిండా మనిషిని మించి పెరిగిన లోబీలియాలు, సెనేషియోలు. మన పెరట్లో జానెడు పెరిగే పూల మొక్కల జాతే ఇక్కడ ఇంత ఎత్తు ఎదిగింది. రోజూ మధ్యాహ్నం ఎండ, రోజూ రాత్రి గడ్డకట్టే చలి. దానికి ఒక్కో మొక్కది ఒక్కో ఉపాయం. సెనేషియో ఎండిన ఆకుల్ని రాల్చదు, కంబళిలా కాండానికే చుట్టుకుంటుంది. బురదలో పెరిగే లోబీలియా ఆకుల గిన్నెలో నీళ్ళు పట్టుకుంటుంది. గైడ్ నన్ను ఒక గిన్నె దగ్గరికి పిలిచి వేలు పెట్టమన్నాడు. పైన అద్దంలా పల్చటి మంచు పొర, వేలితో నొక్కితే చిన్నగా టిక్కుమని పగిలింది. కింద జిగురుగా, చల్లగా నీళ్ళు. పైపొర గడ్డకట్టినా అడుగు నీళ్ళు గడ్డకట్టవు, వాటి లోపల మొగ్గ భద్రంగా ఉంటుంది. నేనక్కడ ఎంతసేపు వంగి చూశానో తెలియదు, మా ఆయన టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచారు.

తిండి గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మేం శాకాహారులం. వంటవాడికి ముందే చెప్పాం. అన్నం, చిక్కుడు గింజల కూర, మటోకె (ఉడికించిన పచ్చి అరటికాయ), వేరుశనగ పులుసు, క్యాబేజీ, వేడి వేడి చపాతీలు. నాలుగు వేల మీటర్ల ఎత్తున, చినుకుల్లో, పొగలో కూర్చుని అంత రుచిగా వండిన మనిషికి ఎంత చెప్పినా తక్కువే. ఊరగాయ సీసా ఒకటి తీసుకెళ్ళాం, మాకన్నా పోర్టర్లకే ఎక్కువ నచ్చింది. హట్లు మామూలు చెక్క గదులు, అంతస్తుల మంచాలు. తడి బట్టలు ఆరవు, అది ముందే ఒప్పుకుని వెళ్ళాలి. ఒక జత పొడి బట్టలు, ఒక జత మేజోళ్ళు రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, రాత్రి పడుకోవడానికి తప్ప ముట్టుకోకండి.

ఇప్పుడు నా ఫిర్యాదు. కంపాలాలో మేం బుక్ చేసిన ఏజెంట్ మాకు ఎనిమిది రోజుల ట్రిప్ అని చెప్పాడు. బుజుకులో ఒక రాత్రి అదనంగా ఆగి, ఎత్తుకి ఒళ్ళు అలవాటు చేసుకున్నాక పైకి వెళ్తామన్నాడు. డబ్బు ఎనిమిది రోజులకే కట్టాం. గైడ్ చేతికొచ్చిన కాగితంలో మాత్రం ఏడు రోజులే ఉన్నాయి. ఆ సంగతి మాకు బుజుకులో తెలిసింది. తిండి, కిరోసిన్ ఏడు రోజులకే తెచ్చారు, మా వెనకే వేరే బృందం వస్తోంది. గైడ్ పాపం నా ముందు నిలబడి కాగితం విప్పి చూపిస్తుంటే, అతన్ని ఏమనాలో తోచలేదు. తప్పు అతనిది కాదు. కిందికొచ్చాక ఫోన్ చేస్తే ఏజెంట్ ఆ రాత్రి 'ఆప్షనల్' అన్నాడు. మా దగ్గరున్న మెసేజీలో ఆ మాట ఎక్కడా లేదు. ఆ ఒక్క రోజు డబ్బు ఇంకా తిరిగి రాలేదు.

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి అయిదు వందల మీటర్లకన్నా పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెబుతారు. బుజుకు నుంచి ఎలెనా హట్‌కి ఎక్కడమంటే ఒక్క రోజులో దాదాపు 580 మీటర్లు. అంతకు ముందు కూడా రోజూ ఎక్కుతూనే వచ్చాం. లెక్కలు చెప్పే దాన్ని అయ్యుండి ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవాల్సింది.

ఎలెనా హట్ సుమారు 4,540 మీటర్ల ఎత్తున బండరాళ్ళ మీద ఉంది. సాయంత్రం అయిదింటికి నా కణతల దగ్గర నొప్పి మొదలైంది. అన్నం వాసనకే కడుపులో తిప్పింది. ఎవరికీ చెప్పకుండా స్లీపింగ్ బ్యాగ్‌లో దూరాను. పది నిమిషాల్లో గైడ్ వచ్చాడు. "మేడమ్ పళ్ళెం అలాగే తిరిగొచ్చింది" అన్నాడు. తలనొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, వాంతి అయిందా, దగ్గు, ఆయాసం ఏమైనా ఉన్నాయా అని ఒక్కొక్కటీ అడిగాడు. తర్వాత, నడక తూలుతోందేమో చూడ్డానికి, నేల చెక్క మీద గీత వెంబడి, ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్ళు ఆనించి నడవమన్నాడు. తిన్నగానే నడిచాను. "ఈ రాత్రికి ఇక్కడే ఉండొచ్చు, రెండు గంటలకోసారి వచ్చి చూస్తాను. పొద్దున నొప్పి ఉంటే పైకి మాత్రం కాదు" అన్నాడు. చెప్పినట్టే వచ్చాడు. రాత్రి రెండింటికి మా ఆయన్ని లేపడానికి వచ్చినప్పుడు నన్ను మళ్ళీ నడిపించాడు. నొప్పి తగ్గలేదు.

మా ఆయన "నువ్వు లేకుండా నేనెందుకు, ఇద్దరం దిగిపోదాం" అన్నారు. "మీరు వెళ్ళండి, చూసొచ్చి చెప్పండి" అన్నాను. గైడ్ తను వెళ్ళలేదు. రెండో గైడ్‌ని ఆయనతో పంపి, నాతో తనే ఆగాడు. శిఖరం ఎక్కించిన లెక్క ఏ గైడ్‌కైనా గొప్పే, అందుకే ఆ నిర్ణయం విలువ నాకు తెలుసు.

తెల్లవారాక బయట కూర్చున్నాను. మబ్బు పావుగంట సేపు తొలగింది. ఎదురుగా ఎలెనా గ్లేసియర్ (కొండ మీద పేరుకున్న మంచు) అంచు, నీలం కలిసిన మురికి తెలుపు. దాని కింద నున్నగా, లేత రంగులో పెద్ద రాతి పలక. ఆ పలక మీద నాచు కూడా లేదు. గైడ్ చెయ్యి చాచి, తను పోర్టర్‌గా మొదటిసారి వచ్చినప్పుడు మంచు ఎక్కడిదాకా ఉండేదో చూపించాడు. ఆ చోటు నుంచి ఇప్పటి అంచు దాకా రాళ్ళే. 1906లో ఇటలీకి చెందిన అబ్రూజీ డ్యూక్ జూన్ 18న మార్గెరీటా ఎక్కినప్పుడు ఆరు కొండల మీదా మంచు ఉండేది. ఆయనతో వచ్చిన వితోరియో సెల్లా తీసిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు చాలా కొండల మీద అది లేదు, మిగిలిన చోట కూడా ముక్కలు ముక్కలుగానే ఉంది. బకొంజోలకి ఈ మంచు మామూలు నీళ్ళు కాదు, వాళ్ళ దేవుడు కిటసాంబా ఉండేది ఇక్కడేనని నమ్ముతారు. "మా నాన్న కిందనుంచి మంచుని చూసి దణ్ణం పెట్టేవాడు" అని గైడ్ అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మళ్ళీ మబ్బు మూసుకుంది.

ఎనిమిదింటికి దిగడం మొదలుపెట్టాం. స్కాట్ ఎలియట్ కనుమ దాటి, సుమారు 4,020 మీటర్ల దగ్గరున్న కిటాండారా చెరువుల దాకా. దారిలోనే తలనొప్పి వదిలిపోయింది, చెరువు గట్టున రెండు గ్లాసుల టీ, మూడు చపాతీలు తిన్నాను. నల్లటి నీళ్ళు, చుట్టూ సెనేషియోలు. ఈ మొత్తం దారిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించిన చోటు ఇదే. శిఖరం గురించి దిగులుగానే ఉంది, కాదనను. కానీ ఆ గట్టు మీద నాలుగు గంటలు ఊరికే కూర్చునే అవకాశం శిఖరం ఎక్కిన వాళ్ళెవరికీ దొరకదు.

మా ఆయన మూడున్నరకి దిగొచ్చారు. తాడు, క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూటుకి తగిలించే ఇనుప ముళ్ళు), మంచు గోడ మీద ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేసిన అడుగులు, అన్నీ చెప్పారు. పైన పొగమంచులో బోర్డు తప్ప ఏమీ కనిపించలేదట. అద్దెకిచ్చిన క్రాంపాన్లు బూటుకి సరిగ్గా కూర్చోకపోతే రెండో గైడ్ చీకట్లో అరగంట కూర్చుని సరిచేశాడట. సామాను ఎలెనాలో కాదు, న్యాకలెంగిజాలోనే తొడిగి చూసుకోండి.

తర్వాతి రెండు రోజులూ దిగుడే. ఫ్రెష్‌ఫీల్డ్ కనుమ, బుజొంగోలో, గై యోమన్ హట్, మళ్ళీ న్యాబిటాబా. బుజొంగోలో దగ్గర పెద్ద బండ కింద ఆగండి, డ్యూక్ బృందం మకాం వేసింది అక్కడే. మోకాళ్ళు అరిగినంత పనవుతుంది, కర్రలు రెండూ ఉండాల్సిందే.

టిప్పుల గురించి ఒక మాట. చిన్న నోట్లు షిల్లింగుల్లో ముందే మార్చుకుని, ప్రతి పోర్టర్ చేతికీ మీ చేత్తోనే ఇవ్వండి. మా మూటలు మోసిన వాళ్ళలో ఒకరి గమ్‌బూటు మడమ దగ్గర చిరిగి, సైకిలు ట్యూబు ముక్కతో కట్టి ఉంది. ఆ బూటుతోనే బిగో బురద దాటాడు. మా ఇద్దరి టిప్పుతో పాటు కొత్త బూట్ల డబ్బు కూడా ఇచ్చాం. వీలైతే మీరు కసేసేలో బూట్లు కొనేటప్పుడే అదనంగా ఒక జత కొనండి, ఎవరి సైజో గేటు దగ్గర అడిగితే చెబుతారు.

కొండకి, గైడ్లకి, పోర్టర్లకి, వంటకి అయిదుకి అయిదు. హట్లకి మూడు. అద్దె సామానుకి రెండు. ఏజెంట్‌కి సున్నా.

వచ్చే జనవరికి మళ్ళీ బుక్ చేశాం, ఈసారి మధ్యలో ఎవరూ లేకుండా. ఎనిమిది రోజులు, బుజుకులో రెండు రాత్రులు. ఆ కాగితం మీద మా పెద్ద గైడ్ సంతకం కూడా పెట్టించుకున్నాను.